మధుర నేలిన తెలుగు రాణి మంగమ్మ

తమిళ గడ్డపై తెలుగువారు ఏలిన రాజ్యాలలో మధుర నాయక రాజ్యం మిక్కిలి పెద్దది. 1529 ప్రాంతంలో విజయనగర సేనాని విశ్వనాథ నాయకుడు దానికి పునాది వేశాడు. రాజ్యాన్ని 72 పాళెములుగా విభజించగా వాటిలో అనేకం తెలుగు నాయకులకు దక్కాయి. ఆ కాలంలో సైనికులు, నల్లరేగడి దున్నే రైతులు, నేతగాండ్రు తరలివెళ్లి మధుర, కోయంబత్తూరు సీమలలో ఊళ్లు కట్టుకున్నారు. తమిళులు వారిని వడుగరులన్నారు. ఉత్తరాది నుండి వచ్చినవారని దాని అర్థం. అటువంటి కుటుంబాలలో తూపాకులవారిది ఒకటి. ఆ ఇంటి లింగమ నాయకుని కుమార్తె మంగమ్మ.

మధుర ప్రభువు చొక్కనాథ నాయకుడు తన కొలువులోని ఈ అధికారి బిడ్డను చేపట్టాడు. 1682లో ఆయన మరణించినపుడు ఆమె సహగమనం చేయలేదు. కుమారుడు రంగకృష్ణ ముత్తువీరప్ప గద్దెనెక్కాడు గాని ఏడేళ్లకే మశూచి అతణ్ణి బలిగొన్నది. నిండు చూలాలైన కోడలు మగబిడ్డను కని, కొద్దిరోజులకే కన్నుమూసింది. 1689లో మంగమ్మ ఆ పసికందుకు విజయరంగ చొక్కనాథుడనే పేర పట్టం కట్టి, పదిహేనేళ్లకు పైగా తానే రాజ్యం నడిపింది. రాజధాని అప్పటికి తిరుచినాపల్లి.

ఆమెకు దక్కినది సుఖమైన సింహాసనం కాదు. జింజి కోటను చుట్టుముట్టి కూర్చున్న మొగలు సేనాని జుల్ఫికర్ ఖానుతో తలపడక, కప్పం చెల్లించి రాజ్యాన్ని కాపాడుకొన్నది. దీనిని పిరికితనమనేవారు ఔరంగజేబు బలాన్ని మరచినవారే. కప్పం ఎగవేసిన తిరువాన్కూరు మీదికి 1697లో దళవాయి నరసప్పయ్యను పంపింది. మైసూరువారు కావేరికి అడ్డుకట్ట వేసినపుడు, అంతవరకు శత్రువైన తంజావూరుతో చేయి కలిపింది. దండు కదలకముందే వరద ఆ కట్టను కొట్టుకుపోయింది. 1702లో రామనాథపురం సేతుపతితో జరిగిన పోరు మాత్రం ఆమెకు చేటు తెచ్చింది. నరసప్పయ్య అందులోనే నేలకొరిగాడు.

జనం తలచుకొనేది ఈ యుద్ధాలను కాదు, బాటలను. మధుర నుండి దక్షిణానికి సాగిన దారిని నేటికీ మంగమ్మ బాట అంటారు. దారి పొడవునా చెట్లు నాటించి, నూతులు తవ్వించి, సత్రాలు కట్టించింది. మధుర రైల్వే స్టేషను ఎదుట ఆమె పేర సత్రం ఉన్నది. ఒకనాడు ఎడమచేత తాంబూలం వేసుకొన్న దోషం పోవడానికే ఇవన్నీ చేసిందని ఒక కథ. దాహంతో నడిచే బాటసారిని చూసిన కళ్లకు అంత పెద్ద కారణం కావాలా? తిరుచినాపల్లిలోని నత్తర్‌వలీ దర్గాకు ఆమె భూములిచ్చింది. క్రైస్తవ గురువుల మొరలనూ ఆలకించింది.

మనుమడు పెరిగి పెద్దవాడయ్యాక ఆమెను చెరలో ఉంచారని, కంటికి కనబడుతూ చేతికందనంత దూరంలో అన్నం పెట్టి చంపారని జనశ్రుతి. ఎంత నిజమో గాని, మధుర పల్లెలలో ఆ మాట చెప్పుకోని ముసలమ్మ ఉండదు.

విజయరంగని కొలువులో తెలుగు వచనం వికసించింది. సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంగా రచించినది అక్కడనే. 1732లో విజయరంగడు సంతానం లేక మరణించాడు. తరువాత రాణి మీనాక్షిని చందా సాహెబు వంచించడంతో నాయకుల ఏలుబడి ముగిసింది. తెలుగు సాహిత్యానికి ఆ కొలువు అండ పోయింది.

దూరాన పెరూ కొండలలో ఇంకా చక్రవర్తుల భాష క్వెచువాకు కూడ ఇదే గతి పట్టింది. సింహాసనం కూలినా పల్లె ఇండ్లలో బ్రతికి, 1975లో పెరూలో అధికార భాష అయింది. మధుర, కోయంబత్తూరు తెలుగుకు అటువంటి గుర్తింపు రాలేదు. అక్కడి అనేక కుటుంబాలు ఇంట తెలుగు మాట్లాడుతాయి, చదివేదీ వ్రాసేదీ తమిళం. కోవిల్‌పట్టి సమీపాన ఇడైచేవల్‌లో పుట్టిన తెలుగింటి బిడ్డ కి. రాజనారాయణన్, తనవారి దక్షిణ వలసను 1976లో నవలగా వ్రాసినది తమిళంలోనే. 2006లో తమిళనాడు చట్టం తెచ్చి బడులలో తమిళాన్ని అంచెలంచెలుగా తప్పనిసరి చేసింది. మంగమ్మ మాటాడిన తెలుగు అక్కడ ఇపుడు అవ్వల నోట, వంటింట, పెండ్లిపందిట వినవస్తున్నది.