ఈ-సంజీవని: అటువైపు కూర్చున్న చెల్లెమ్మకు అభినందనలు

ఢిల్లీలో కాపురముండే తెలుగువాళ్ళకి ఊరినుంచి ఇలాంటి ఫోన్లు అలవాటే. "బాబూ, అక్కడి పెద్దాసుపత్రిలో చూపించాలి, నువ్వు కాస్త సాయం చెయ్యాలి." రోగి, తోడుగా ఇద్దరు, సంచినిండా పాత రిపోర్టులు, రోజు దాటే రైలు ప్రయాణం. తీరా స్పెషలిస్టు మాట్లాడేది కొద్ది నిమిషాలు. ఒక్కోసారి మందు మోతాదు మార్చి పంపేస్తారు. ఆ నాలుగు మాటలూ ఊళ్ళోనే వినబడితే ఎంత బాగుండు అనుకునేవాణ్ణి.

వినబడుతున్నాయి. కేంద్ర ఆరోగ్యశాఖ కోసం మొహాలీలోని సి-డాక్ సంస్థ తయారుచేసిన ఈ-సంజీవని, అంటే ఊరి క్లినిక్కునుంచే పెద్దాసుపత్రి డాక్టరుతో తెరమీద మాట్లాడించే సేవ, 2019 నవంబరులో మొదలైంది. దాన్ని అందరికన్నా ముందు అందిపుచ్చుకున్నది మన ఆంధ్రప్రదేశ్. 2000లోనే చిత్తూరు జిల్లా అరగొండ ఆసుపత్రిని ఉపగ్రహంతో నగర వైద్యులకు కలిపిన నేల మనది. 2020 ఏప్రిల్లో, లాక్‌డౌన్ నడుమ, ఇంటినుంచే డాక్టరుతో మాట్లాడే ఓపీడీ కూడా వచ్చింది. 2023 ఫిబ్రవరికి సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. అందులో 3 కోట్లకు పైగా ఒక్క ఆంధ్రవే!

నన్ను కదిలించిన లెక్క మరొకటి. ఈ సేవ అందుకున్నవారిలో సగానికి పైగా ఆడవాళ్ళు. పొలం పని, పసిపిల్లలు, తోడు వచ్చేవాళ్ళు లేకపోవడం, బస్సు ఛార్జీలు... వీటన్నిటికీ తలొగ్గి నొప్పిని దాచుకునే అమ్మలు వీధి చివరి క్లినిక్కు దాకా నడిచి వెళ్ళగలిగారు.

ఆంజనేయుడు సంజీవని మూలికను గుర్తుపట్టలేక కొండనే మోసుకొచ్చాడు. ఇక్కడ గుర్తుపట్టే పని ఊరి క్లినిక్కులో కూర్చున్న నర్సమ్మది. బీపీ, షుగరు చూసి, పాత చీటీలు చదివి, రోగి యాసలో చెప్పిన బాధను డాక్టరుకు అర్థమయ్యేలా విడమరిచేది ఆమే. కడుపు నొక్కి చూడటం తెరకు చేతకాదు. స్కానింగుకూ ఆపరేషనుకూ పట్నం పోక తప్పదు. ఎవరిని వెంటనే పంపాలో పసిగట్టే చూపు ఆమెదే. సాంకేతికతను మెచ్చుకునే సభల్లో ఆమె పేరు వినబడదు. అందుకే నా మొదటి అభినందన ఆమెకి, ఆ తర్వాతే బోధనాసుపత్రుల్లో తెరముందు కూర్చునే వైద్యులకి, ఇంజనీర్లకి.

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ తెలుగువాళ్ళారా, ఈసారి ఊరినుంచి ఫోనొస్తే, రైలు టికెట్టు తియ్యకముందే, పాత చీటీలు పట్టుకుని ఒకసారి ఊరి క్లినిక్కుకు వెళ్ళి రమ్మని చెప్పండి.