పక్క ఊరి బానిసలను చూసిన రిచర్డ్ ఓస్ట్లర్

బానిసత్వ నిర్మూలన అనగానే మనకు విల్బర్‌ఫోర్స్ గుర్తుకు వస్తారు. రిచర్డ్ ఓస్ట్లర్ (1789–1861) కూడా ఆ ఉద్యమంలో పాల్గొన్నవారే. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఒక భూస్వామికి దివానుగా ఉండేవారు. 1830లో ఒకనాడు బ్రాడ్‌ఫర్డ్ మిల్లు యజమాని జాన్ వుడ్, తమ ఊరి ఉన్ని మిల్లులలో పసిపిల్లలు ఉదయం 6 నుండి రాత్రి 7 వరకు పని చేస్తున్నారని స్వయంగా ఆయనకు చెప్పారు. దూరదేశపు బానిసల కొరకు పాటుపడిన ఓస్ట్లర్ ఆ మాటకు కలత చెంది, లీడ్స్ పత్రికకు లేఖ వ్రాశారు. దానికి పెట్టిన పేరు ‘యార్క్‌షైర్ బానిసత్వం’.

1833లో బానిసత్వ రద్దు చట్టము, ఫ్యాక్టరీ చట్టము రెండూ వచ్చాయి. మొదటిది పరిహారంగా 2 కోట్ల పౌండ్లు ఇచ్చింది, బానిసలకు కాదు, యజమానులకు! రెండవది మిల్లులను చూడడానికి దేశమంతటికీ నలుగురు తనిఖీదారులను నియమించింది. నలుగురే అయినా అది పెద్ద మెట్టు. 1802, 1819 చట్టాలు అటువంటివారు లేకనే కాగితంపై మిగిలిపోయాయి.

ఓస్ట్లర్ ఉద్యోగం పోయింది. అప్పు క్రింద మూడేళ్లకు పైగా చెరసాలలో ఉన్నారు. స్త్రీలకు, 18 ఏండ్లలోపు వారికి పది గంటల పని చట్టం 1847లో వచ్చింది.

2013 ఏప్రిల్‌లో ఢాకా దగ్గర రాణా ప్లాజా భవనం గోడలు బీటలు వారినా, కుట్టుపనివారిని మరునాడు పనిలోకి రమ్మన్నారు. 1,100 మందికి పైగా చనిపోయారు. అక్కడ కూడా చట్టాలున్నాయి. బట్టల కంపెనీలు, కార్మిక సంఘాలు చేసుకొన్న ఒప్పందంతో స్వతంత్ర తనిఖీదారులు ఫ్యాక్టరీలలో అడుగుపెట్టింది ఆ తరువాతనే.