గుంటూరు డాక్టరు సిస్టరు



ఆ మధ్య నిజాంపేటలో జబ్బుపడిన ఒక పెద్దావిడను చూడటానికి వెళ్ళాను. పట్నంలో చూపించుకొని వచ్చి రెండు రోజులైంది. మంచం పక్కన సంచి నిండా మాత్రలు. ఏ మాత్ర దేనికో ఆమెకు తెలియదు, ఇంట్లోవారికీ తెలియదు. పొద్దున వేయవలసినవి రాత్రి వేస్తున్నారు. డాక్టరుగారిని అడగలేదా అంటే, అంత పెద్ద మనిషిని అడగడానికి ధైర్యం చాలలేదన్నారు. డబ్బు ఖర్చయింది, మందులు వచ్చాయి. వైద్యం మాత్రం ఆ ఇంటి గడప దాటి లోపలికి రాలేదు.

ఆ సంచిని చూస్తుంటే నాకు గుంటూరు డాక్టరు సిస్టరు మేరీ గ్లౌరీ గుర్తుకు వచ్చారు. ఆమె జీవితం ఈ వారం మీతో పంచుకుంటాను.

మేరీ గ్లౌరీ 1887 జూన్ 23న ఆస్ట్రేలియా దేశం, విక్టోరియా రాష్ట్రంలోని బిరెగర్రా అనే చిన్న ఊరిలో పుట్టారు. ఆ ఇంట రోజూ సాయంత్రం జపమాల చెప్పేవారు. మంచి గురువుల కోసం, మంచి డాక్టర్ల కోసం ఆ కుటుంబం ప్రత్యేకంగా ప్రార్థించేది. ఆ ప్రార్థనకు జవాబు తమ ఇంటనే ఉన్నదని ఆ తల్లిదండ్రులు అప్పుడు అనుకొని ఉండరు! ఆమె మొదట బి.ఏ.లో చేరి, తండ్రి ప్రోత్సాహంతో వైద్యవిద్యకు మారారు. 1910లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో పట్టా పొందారు. ఆడపిల్లలు డాక్టర్లు కావడం ఆ దేశంలోనూ అరుదైన రోజులవి.

1915లో ఒకనాడు ఆమె ఒక చిన్న పుస్తకం చదివారు. ఆగ్నెస్ మెక్లారెన్ అనే స్కాట్లాండు వైద్యురాలి గురించి అందులో ఉంది. మన దేశంలో ఎందరో స్త్రీలు మగ డాక్టరుకు చూపించుకోలేక, పురిటిలో తల్లీ బిడ్డా చనిపోతున్నారని తెలుసుకొని, మెక్లారెన్‌గారు ముసలితనంలో వీరికోసం పాటుపడ్డారు. ఆ స్త్రీలకు డాక్టరు అసలే లేడని కాదు. ఉన్న డాక్టరు దగ్గరికి వాళ్ళు పోలేకపోయారు. ఈ తేడాను బాగా గమనించండి. ఊళ్ళో బావి ఉన్నా, చేద లేనివానికి దాహం తీరదు కదా!

మేరీ గ్లౌరీ మోకరించి, తన పిలుపు ఇదేనని గ్రహించారు. ప్రసూతి, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యంలో పైచదువు చదివి 1919లో ఎం.డి. పూర్తిచేశారు. పేరున్న వృత్తిని విడిచి ఓడ ఎక్కి, 1920 ఫిబ్రవరి 12న గుంటూరు చేరారు. మనం జె.ఎం.జె. సిస్టర్లు అని పిలిచే యేసు మరియ జోసఫుల సభలో చేరి, యేసు తిరుహృదయ సిస్టర్ మేరీ అయ్యారు. మఠకన్యలు వైద్యవృత్తి చేయడానికి ఆనాటి శ్రీసభ చట్టం ఒప్పుకొనేది కాదు. 15వ బెనెడిక్టు పోపుగారి ప్రత్యేక అనుమతితో ఆమె ఆ పని చేపట్టారు. మఠకన్యలందరికీ ఆ దారి తెరచుకొన్నది 1936లోనే.

చిన్న మందులశాల పెరిగి సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రి అయింది. రోగులు బారులు తీరారు. ఒక్క డాక్టరు ఎందరిని చూడగలదు? అందుకని ఆమె ఇక్కడి ఆడపిల్లలకే నర్సు పని, మంత్రసాని పని, మందులు కలిపి ఇచ్చే పని నేర్పించారు. నా మటుకు నాకు ఆమె చేసిన పనులన్నిటిలో ఇదే గొప్పదనిపిస్తుంది. గుంటూరు తల్లికి గుంటూరు పిల్లే మందు ఇస్తే, ఆ తల్లి తన భాషలో, తన బాధను, సిగ్గుపడకుండా చెప్పుకోగలదు. పక్కనున్న అత్తగారు, అమ్మగారు కూడా అడగవలసింది అడగగలరు.

1943 జూలై 29న మరి 15 మంది మఠకన్యలతో కలిసి ఆమె కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. నేడు దాని కేంద్రం మనకు దగ్గరలోనే, సికింద్రాబాదులో ఉంది. దేశమంతటా వేలాది ఆసుపత్రులు, దవాఖానాలు అందులో చేరి ఉన్నాయి. కతోలిక వైద్యకళాశాల కావాలన్న ఆమె కల ఆమె పోయిన తరువాత 1963లో బెంగుళూరు సెయింట్ జాన్స్ కళాశాలగా నెరవేరింది. ఇందరికి వైద్యం చేసిన ఆమె చివరకు తానే క్యాన్సరు రోగియై, 1957 మే 5న బెంగుళూరులో కన్నుమూశారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలుగా ప్రకటించింది.

ప్రియ పాఠకులారా, యెరికో దారిలో గ్రుడ్డివాడైన బర్తిమయిని గుర్తు చేసుకోండి. నలుగురూ అతన్ని నోరు మూసుకోమన్నారు. ప్రభువు మాత్రం అతన్ని పిలిపించి, తాను ఏమి చేయాలని కోరుకుంటున్నావని ముందుగా అడిగారు. అతని అవసరం ఆయనకు తెలియదా? తెలుసు. అయినా అడిగారు, ఎందుకంటే రోగం వేరు, రోగి వేరు. రోగానికి మందు చాలు. రోగికి మాట కావాలి, మర్యాద కావాలి.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఫీజు భారం తగ్గించాయి. అడగడానికి భయపడే పేదవాని భయాన్ని ఏ కార్డు తీర్చగలదు? అది మనం తీర్చాలి. మీ ఇంటివారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళినప్పుడు చదువు వచ్చిన ఒకరు తోడు వెళ్ళండి. జబ్బు ఏమిటి, ఏ మందు ఎప్పుడు వేయాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి అని అడిగి కాగితం మీద రాయించుకోండి. తోడులేని పొరుగువారి వెంట మన విచారణ యువత వెళ్ళాలి. మీలో డాక్టర్లు, నర్సులు ఉంటే, మాసిన బట్టలతో వచ్చిన మనిషికి మరో రెండు నిమిషాలు ఇవ్వండి.

ఆ పెద్దావిడ మనవరాలు తొమ్మిదో తరగతి చదువుతున్నది. నేను ఆ అమ్మాయిని కూర్చోబెట్టుకొని, తెలిసిన నర్సమ్మకు ఫోను చేసి, ఒక్కొక్క మాత్రనూ అడిగి తెలుసుకొన్నాను. ఆ పిల్ల పొద్దుటివి ఒక డబ్బాలో, రాత్రివి మరొక డబ్బాలో సర్ది, పైన పేర్లు రాసింది. ఇప్పుడు ఆ ఇంటికి ఆ పిల్లే సగం డాక్టరు.

ఈ రాత్రి మీ కుటుంబ జపమాలలో మంచి గురువుల కోసం, మంచి డాక్టర్ల కోసం ప్రార్థించండి. ప్రభువు మిమ్మును దీవించునుగాక.