అర్థమెరిగిన చదువు కోరిన వెన్నెలకంటి సుబ్బారావు

నెల్లూరు సీమ పేరు చెప్పగానే మన మనస్సులో మొదట మెదిలే మూర్తి తిక్కన సోమయాజి. కావ్యరచన చేయకపోయినా, కావ్యాలను పిల్లలకు ఎట్లా నేర్పాలన్న విషయాన్ని గురించి లోతుగా ఆలోచించిన మరొక మహనీయుడు ఈ తీరభూమిలోనే పుట్టారు. ఆయనే వెన్నెలకంటి సుబ్బారావు గారు. కందుకూరు ప్రాంతంలోని ఓగూరు గ్రామం ఆయన జన్మస్థలం. జన్మ సంవత్సరం 1784. ఆ కందుకూరు 1970లో కొత్త జిల్లా ఏర్పడేవరకు నెల్లూరు జిల్లాలోనిదే. సాహిత్య చరిత్రలు ఆయనను ఆత్మకథ వ్రాసిన తొలి తెలుగువారిలో ఒకరుగా పేర్కొంటాయి. కాని విద్యార్థులమూ ఉపాధ్యాయులమూ అయిన మనం ఆయనను స్మరించవలసిన కారణం వేరొకటి ఉంది.

సుబ్బారావు గారు పుట్టేనాటికి నెల్లూరు సీమ ఆర్కాటు నవాబు ఏలుబడిలో ఉండేది. దర్బారు వ్యవహారాలలో పారసీ భాషకు పెద్దపీట. గ్రామ లెక్కలు కరణాల చేతిలో తెలుగులో నడిచేవి. 1801లో కర్ణాటక రాజ్యాధికారం ఈస్టిండియా కంపెనీ వశమయింది. అప్పటికి ఆయనకు పదహారేళ్లు నిండాయి. పాత ప్రభుత్వ భాష వెనుకకు జరిగి కొత్త ప్రభుత్వ భాష ముందుకు వస్తున్న సంధికాలంలో ఆయన యౌవనంలో అడుగుపెట్టారు. ఇంగ్లీషు వచ్చినవారికి కొలువు దొరికే కాలం అది. ఇంగ్లీషు నేర్పే బడులు మాత్రం పల్లెలలో లేని కాలం.

నియోగి కుటుంబంలో పుట్టిన సుబ్బారావు గారు వ్రాతకోతల విద్యతో ఆగలేదు. తెలుగుతోపాటు తమిళం, కన్నడం, మరాఠీ, హిందూస్తానీ, పారసీ, సంస్కృతం, ఇంగ్లీషు భాషలలో ప్రవేశం సంపాదించారు. కంపెనీ కొలువులో క్రమంగా పైకి వచ్చి 1815లో చెన్నపట్టణంలోని సదర్ అదాలతులో అనువాదకులుగా, దుబాసీగా నియమితులయ్యారు. మద్రాసు రాజధానిలో జిల్లా కోర్టుల తీర్పులపై అప్పీళ్లు చివరకు చేరే పెద్ద న్యాయస్థానం అది. 1862లో హైకోర్టు ఏర్పడినప్పుడు అందులో లీనమయింది. ఆనాడు దేశీయునికి దొరకగలిగిన అత్యున్నతమైన ఉద్యోగాలలో ఆయన పదవి ఒకటి. 1829 వరకు ఆయన అక్కడే పనిచేశారు.

అనువాదకుని పని ఎంత బాధ్యతతో కూడినదో ఒక్కసారి ఊహించండి. ఎక్కడో పల్లెలో ఒక రైతు తన పొలం కోసం వేసిన దావా కాగితాలు దేశభాషలో ఉంటాయి. తీర్పు చెప్పవలసిన న్యాయాధిపతి ఇంగ్లీషువాడు. ఇద్దరికీ నడుమ ఉన్నవాడు ఒక మాటకు తప్పుడు అర్థం చెబితే తరతరాల భూమి చేతులు మారిపోవచ్చు. అటువంటి చోట శబ్దం వచ్చి అర్థం రాని పాండిత్యం ఎందుకూ కొరగాదు. పాఠశాలలను గురించి సుబ్బారావు గారు చెప్పిన అభిప్రాయాల వెనుక ఈ అనుభవమే ఉన్నదని నాకు తోస్తుంది.

ఆనాటి వీధిబడి స్వరూపం కొంత తెలుసుకోవాలి. పిల్లవాడు ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దేవాడు. గుణింతాలు, ఎక్కాలు వల్లెవేసేవాడు. తరువాత తాటాకు మీద గంటంతో వ్రాసేవాడు. అమరకోశం, బాలరామాయణం, శతకాలు, భాగవత ఘట్టాలు కంఠస్థం చేసేవాడు. అరుగు మీద కూర్చున్న పంతులు పుస్తకం చూడకుండానే తప్పు పట్టగలిగేవాడు. పారసీ బడులలో కూడా పద్ధతి ఇంచుమించు ఇదే. సాదీ మహాకవి పేరిట వ్యాప్తిలో ఉన్న కరీమా, ఆయన గులిస్తాన్ మొదట నోటికి వచ్చేవి. తాత్పర్యం తరువాత వచ్చినా వచ్చేది, లేకున్నా లేదు. ఈ చదువులో గుణం లేదనలేము. ధారణాశక్తి, ఉచ్చారణ శుద్ధి, నోటిలెక్క దాని వరప్రసాదాలు. కాని పద్యం చదివిన బాలునికి ఆ పద్యం ఏమి చెబుతున్నదో తెలిసేది కాదు.

1820లో చెన్నపట్టణంలో స్కూల్ బుక్ సొసైటీ ఏర్పడింది. దేశభాషలలో పాఠ్యపుస్తకాలు సిద్ధం చేయించడం దాని ఆశయం. అందులో సభ్యులైన సుబ్బారావు గారు అదే సంవత్సరం పాఠశాలలలోని బోధనా స్థితిని గురించి ఒక నివేదిక సమర్పించారు. పిల్లలు పద్యాలను ధారాళంగా చదువుతారు కాని వాటి అర్థం ఎరుగరని, తాము చెప్పే కావ్యాలను అర్థం చేసుకోగలిగిన ఉపాధ్యాయులే అరుదుగా ఉన్నారని ఆయన నిర్మొహమాటంగా తెలియజేశారు. ఏండ్ల తరబడి నీతిగ్రంథాలు చదివిన బాలుడు నీతి తలకెక్కకుండానే బడి విడిచిపోతున్నాడని విచారించారు. వ్యాకరణం, పదాల అర్థాలు, వాడుకలో ఉన్న భాషలో సులభమైన నీతికథలు గల పుస్తకాలు తయారు చేయించాలని సూచించారు.

ఈ సూచనలో ఉన్న సాహసాన్ని గుర్తించాలి. పద్యమే విద్య అనుకునే కాలంలో ఆయన వచనం అడిగారు. పంతులును దైవసమానునిగా చూసే సమాజంలో పంతులుకు కూడా అర్థం తెలియడం లేదని వ్రాశారు. అది పరాయివాని ఆక్షేపణ కాదు. ఈ సీమ చదువుల మధ్యనే పెరిగినవాని ఆవేదన.

ఇక్కడ ఒక వింత చెప్పాలి. అదే చెన్నపట్టణంలో 1812లో సెంట్ జార్జి కోట కళాశాల నెలకొన్నది. కొత్తగా వచ్చిన ఇంగ్లీషు దొరలకు దేశభాషలు నేర్పడం దాని పని. వారి కోసం కాంప్‌బెల్ దొర తెలుగు వ్యాకరణం 1816లో, తెలుగు నిఘంటువు 1821లో వెలువడ్డాయి. ఆ కళాశాల పండితులలో ఒకరైన రావిపాటి గురుమూర్తి శాస్త్రి విక్రమార్కుని కథలను వచనంలో వ్రాశారు. అంటే సముద్రం దాటి వచ్చిన పాతికేండ్ల దొరకు తెలుగు అర్థమయ్యే విధంగా నేర్పడానికి పుస్తకాలున్నాయి. తెలుగు తల్లి ఒడిలో పుట్టిన ఎనిమిదేండ్ల బాలునికి మాత్రం వల్లెవేతే గతి. మన పిల్లలకూ అటువంటి పుస్తకాలు కావాలనడమే సుబ్బారావు గారి విన్నపంలోని సారాంశం.

ఆయన చూచినదే ఇతరులూ చూచారు. 1822లో గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని పాఠశాలల వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించారు. అప్పటికి బళ్లారి కలెక్టరుగా ఉన్న కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో సైతం అర్థం తెలియని కంఠస్థ విద్యను గురించిన ప్రస్తావన ఉంది. గవర్నరు ఆదేశానికి రెండేండ్ల ముందే ఈ లోపాన్ని ఎత్తిచూపిన ఘనత మన ఓగూరు బిడ్డకు దక్కుతుంది.

సుబ్బారావు గారు 1839లో కీర్తిశేషులయ్యారు. ఆయన తన జీవితకథను ఇంగ్లీషులో వ్రాసుకున్నారు. బంధుమిత్రుల ఎరుక కోసం ఆయన కుమారులు వెంకట గోపాలరావు గారు దానిని 1873లో మద్రాసులో అచ్చు వేయించారు. తెలుగు పిల్లలకు తెలుగు వచనం కావాలని కోరిన మనిషి కథ తొలుత తెలుగులో లేకపోవడం కాలవైపరీత్యం. అక్కిరాజు రమాపతిరావు గారి అనువాదం వల్ల ఆ లోటు తీరింది.

ఇంత చెప్పి మన తరగతి గదిని తలచుకోకపోతే ఈ వ్యాసం కూడా వల్లెవేతలో చేరిపోతుంది. తాటాకులు పోయాయి, నోట్సులు వచ్చాయి. పరీక్షకు ముందు రాత్రి గైడు పుటలు కంఠస్థమవుతాయి. పరీక్ష ముగిసిన మరునాడు అవి మరపున పడతాయి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషుగా నడిచే మన విద్యార్థికి ఈ చిక్కు మరింత ఎక్కువ. నిర్వచనం ఇంగ్లీషులో తు.చ. తప్పకుండా అప్పజెప్పగలిగిన విద్యార్థి, దానిని తన తల్లికి ఇంటి భాషలో చెప్పమంటే తడబడతాడు. తప్పు అతనిది మాత్రమే కాదు. అతడిని ఆ ప్రశ్న మేమూ అడగడం లేదు.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ప్రతి పాఠం చివర పది నిమిషాలు విద్యార్థులకు విడిచిపెడదాము. ఆనాటి విషయాన్ని తెలుగులోనో ఉర్దూలోనో తమ సొంత మాటలలో ఒకరికొకరు చెప్పుకోనిద్దాము. ప్రతి శాఖవారు తమ పారిభాషిక పదాలకు ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ భాషలలో చిన్న పట్టిక తయారు చేసి గ్రంథాలయంలో ఉంచుదాము. పరీక్షలో ఒక్క ప్రశ్నయినా నోట్సులో జవాబు దొరకనిదిగా ఇద్దాము. వీటికి పెద్ద ఖర్చు లేదు. ఓపిక కావాలి. అంతకంటే ముఖ్యంగా, మాకు అర్థం కాలేదని చెప్పిన విద్యార్థిని మందలించని సహృదయత కావాలి.

విద్యార్థులారా, సుబ్బారావు గారికి నేటి కళాశాలల వంటి కళాశాల లేదు, ఇంతటి గ్రంథాలయం లేదు. అయినా చదివిన ప్రతి మాటకూ అర్థం తెలియాలన్న పట్టుదల ఆయనకుంది. ఆ పట్టుదలే ఓగూరు బాలుని సదర్ అదాలతు వరకు నడిపించింది. అర్థం కానప్పుడు తల ఊపకండి, లేచి అడగండి. ఆయనకు మనం చేయగల నివాళి అదే.