సింహనాదం వారసుడు వోంగ్ యన్‌లమ్

వోంగ్ యన్‌లమ్ పేరు మనలో చాలామంది విని ఉండరు. సినిమాల పుణ్యమా అని వోంగ్ ఫేహుంగ్ పేరు విన్నవారు మాత్రం ఉంటారు. ఆ ఫేహుంగ్ తండ్రితో పాటు, దక్షిణ చైనా వాళ్లు 'కాంటన్ పది పులులు' అని చెప్పుకునే పది మంది వస్తాదుల్లో యన్‌లమ్ గారు ఒకరు. 19వ శతాబ్దపు మనిషి.

ఆయన నేర్చిన విద్య పేరు చైనా భాషలో సింహగర్జన అని. అది బౌద్ధం నుంచి వెళ్లిన మాటే, మనం సింహనాదం అంటాం. 15వ శతాబ్దంలో అడాటో అనే టిబెట్ లామా, ఒక కొంగా ఒక కోతీ కొట్లాడుకోవడం చూసి ఈ విద్య కల్పించాడని శిష్యులు చెబుతారు. కొంగ తప్పించుకుని పొడవడం, కోతి పొడుగు చేతులు విసరడం, ఈ రెండూ కలిస్తే ఈ పద్ధతి. ఇది నోటిమాటగా వచ్చిన కథే. అయితే మంచూ చక్రవర్తులు టిబెట్ బౌద్ధాన్ని ఆదరించారు, పెకింగ్‌లో లామాల మఠాలు ఉండేవి, ఇది చరిత్ర. కనుక ఒక లామా దక్షిణానికి నడిచి రావడం నమ్మలేని సంగతేమీ కాదు.

అలా వచ్చినవాడే సింగ్ లుంగ్ అంటారు. కాంటన్ రాష్ట్రంలో జావోచింగ్ దగ్గర డింగ్హూ కొండ మీద చింగ్‌యున్ ఆలయం ఉంది. యన్‌లమ్ యువకుడిగా అక్కడే ఆయన దగ్గర శిష్యరికం చేశారట. తరువాత ఉత్తర చైనాలో వర్తకుల సరుకుకూ వెండికీ కాపలాగా దారి వెంట వెళ్లే కొలువు చేశారు. కాన్వాయ్ డ్యూటీ చేసినవాళ్లకు ఆ పని ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ విద్యకు మూలం నాలుగు మాటలు: దయ చూపకు, తప్పుకో, దూసుకుపో, అడ్డుకో. దెబ్బ భుజం నుంచి కాదు, నడుము తిప్పి, చెయ్యి పూర్తిగా చాచి విసరాలి. ట్రైనింగులో మాకు నేర్పిన అనార్మ్‌డ్ కంబాట్‌లోనూ మొదటి పాఠం కాళ్లు, నడుమే. అందుకే ఇది చదివినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు.

దక్షిణానికి తిరిగి వచ్చాక ఆయన కాంటన్‌లో హువాలిన్ ఆలయం ముందు వేదిక కట్టి, ఎవరైనా రావచ్చునని సవాలు చేశారట. నూట యాభై మందిని గెలిచారంటారు. ఆ లెక్క ఎవరు రాసుకున్నారో! నాకైతే ఆ చోటే ఎక్కువ నచ్చింది. మన దక్షిణాది నుంచి ఓడలో వెళ్లిన బోధిధర్ముడు దిగిన చోటు అదేనని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

కుస్తీల లెక్క ఎలా ఉన్నా శిష్యుల సంగతి ఖాయం. ఆ రోజుల్లో విద్యను కొడుక్కి తప్ప చెప్పనివారే ఎక్కువ. ఈయన బయటివాళ్లకు చెప్పారు. దాంతో విద్య నిలిచింది గాని పేరు చీలింది. ఒకరు లామా పద్ధతి అన్నారు. 1911లో మంచూ పాలన కూలాక, లామాలంటే ఆ దర్బారు మనుషులనే అనుమానం వచ్చిందనీ, అందుకే కొందరు 'వీరుల పద్ధతి' అనే అర్థంలో హాప్ గార్ అని మార్చారనీ అంటారు. ఆయన శిష్యుల దగ్గర నేర్చిన ఎన్‌జీ సియుచుంగ్ తెల్లకొంగ అన్నారు. మూడు శాఖలూ అసలు వారసులం మేమేనంటాయి. మన పల్లెల్లో అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర తగాదా పడ్డట్టే.

1953 డిసెంబరులో హాంకాంగ్‌లోని షెక్ కిప్ మెయ్ గుడిసెలు తగలబడి సుమారు 53 వేల మంది వీధిన పడ్డారు. వారి సహాయార్థం 1954 జనవరి 17న మకావ్‌లో పోటీ పెట్టారు. సియుచుంగ్ శిష్యుడు చాన్ హాక్‌ఫూ ముప్పైల్లో ఉన్న తెల్లకొంగ వస్తాదు. ఎదుటివాడు యాభై దాటిన తాయ్‌చీ గురువు వూ గోంగ్‌యీ. రెండో రౌండులోనే న్యాయనిర్ణేతలు ఆపేశారు. గెలుపూ కాదు, ఓటమీ కాదు, సమానమూ కాదని తేల్చారు. జనానికి ఆవేశం చల్లారలేదు. మూడు రోజులకే ఒక హాంకాంగ్ పత్రిక లియాంగ్ యూషెంగ్ చేత కత్తివీరుల సీరియల్ మొదలుపెట్టించింది.