నర్తకి నూర్ఖోన్

ఉజ్బెకిస్థానమునందలి ఫెర్గానా లోయలో పట్టునేతకు పేరొందిన మర్గిలాన్ పట్టణము కలదు. నూర్ఖోన్ 1913వ సంవత్సరమున అచ్చట జన్మించెను. ఆ కాలమున స్త్రీలు గుఱ్ఱపు వెండ్రుకలతో నల్లిన ముసుగు లేక వీథిలో నడచుట తప్పుగాను, రంగస్థల మెక్కుట వంశమున కపకీర్తిగాను ఎంచబడుచుండెను. అయినను నూర్ఖోన్ నృత్యమునే కోరుకొనెను. 1928లో ఇల్లు విడిచి, ముహిద్దీన్ ఖారీ యాకూబోవ్ నడుపు కళాబృందమున చేరెను. ముసుగు తొలగించి సభలో నాట్యమాడిన తొలి ఉజ్బెక్ స్త్రీలలో ఆమె యొకతె.

బంధువులు దీనిని సహింపలేకపోయిరి. 1929లో ఆమె మర్గిలానునకు వచ్చినపుడు తోడబుట్టినవాడే కత్తితో పొడిచి చంపెను. అప్పటి కామెకు పదియాఱేండ్ల ప్రాయము. నాటకకర్త కామిల్ యాషిన్ ఆమె చరితమును సంగీతనాటకముగా రచించెను. ఏ రంగస్థలము ఆమెకు నిషిద్ధమయ్యెనో, ఆ రంగస్థలముననే ఆమె కథ ప్రదర్శింపబడెను.