కలివికోడిని లోకానికి తెలిపిన జెర్డాన్ దొర

మన దేశపు పక్షులను గూర్చి చదివిన వారందరికీ థామస్ కావెర్హిల్ జెర్డాన్ పేరు సుపరిచితం. కడప జిల్లాకు ఆయనతో ప్రత్యేకమైన సంబంధం ఉన్నది. సిద్ధవటం, బద్వేలు ప్రాంతాల చిట్టడవుల్లో బ్రతికే కలివికోడిని శాస్త్రజ్ఞుల దృష్టికి మొదట తెచ్చినది ఆయనే. ఇంగ్లీషులో ఆ పక్షిని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

జెర్డాన్ 1811లో ఇంగ్లండులోని డర్హాం ప్రాంతంలో జన్మించారు. ఎడింబరోలో వైద్యం చదివి, ఈస్టిండియా కంపెనీ కొలువులో డాక్టరుగా చేరి, 1836లో మద్రాసు వచ్చారు. మొదట గంజాం వైపు, తర్వాత అశ్వికదళంతో దక్కనులో పనిచేశారు. ఉద్యోగం వైద్యమే అయినా ఆయన మనసంతా పక్షుల మీద, జంతువుల మీద ఉండేది. కొన్నేళ్లకే దక్షిణ దేశపు పక్షుల పట్టిక తయారుచేసి మద్రాసు పత్రికలో ప్రకటించారు.

తరువాత నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్న కాలం ఆయనకు బాగా కలిసివచ్చింది. నెల్లూరు, కడప సీమల మధ్య కొండల నుండి ఆయనకు ఒక కొత్త పక్షి లభించింది. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని శాస్త్రీయంగా వర్ణించారు. జెర్డాన్ తమ గ్రంథంలో అనేక పక్షులకు తెలుగు పేర్లను కూడా వ్రాసి ఉంచారు. అడవిని ఎరిగిన మనవారి మాటకు ఆయన విలువ ఇచ్చారన్నమాట. 1862-64 మధ్య వెలువడిన ఆ గ్రంథంలో వెయ్యికి పైగా పక్షుల వివరాలున్నాయి. 1867లో పాలిచ్చే జంతువుల మీద మరో గ్రంథం వచ్చింది. చీమలను సైతం ఆయన వదలలేదు. ఎగిరి దూకే చీమను మొదట వర్ణించినది ఆయనే. 1872లో ఇంగ్లండులో కన్నుమూశారు.

కలివికోడి సంగతి వేరుగా నడిచింది. 1900లో అనంతపురం దగ్గర కనిపించిన పిదప దాని జాడ లేకపోయింది. అంతరించిందనే అనుకున్నారు. అయితే 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు వెదకగా, సిద్ధవటం ప్రాంతంలో తిరిగి దొరికింది. అందుకు తోడ్పడినవారు అక్కడి గ్రామస్థులే. ఆ తర్వాత లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ పనులు దాని నివాసం వైపు రాగా, పక్షి కోసం కాలువ దారి మార్చవలసివచ్చింది.

జానెడుకు కొంచెం మించిన ఈ పక్షి పగలు పొదల చాటున దాగి, రాత్రి పురుగులను ఏరుకుతింటుంది. గొంతు వద్ద నారింజ వన్నె మచ్చ, రొమ్మున రెండు గోధుమరంగు పట్టీలు దాని గుర్తులు. దానికి దట్టమైన అడవి పనికిరాదు, బోడినేల కూడా పనికిరాదు. పొదకూ పొదకూ నడుమ పరుగెత్తను ఖాళీ నేల ఉండాలి. పశువులు మితంగా మేసిన చోట అటువంటి నేల నిలుస్తుంది. యంత్రాలతో కంపంతా పెరికి తోటలు వేస్తే పొదలే మిగలవు. బొత్తిగా మేపు లేకపోతే పొదలు కమ్ముకుపోతాయి. రెండు విధాలా పక్షికి నష్టమే.

ప్రపంచంలో అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న పక్షుల్లో కలివికోడి ఒకటి. ఇటీవలి కాలంలో అది కంటపడడమే అరుదైపోయింది. ముళ్లకంపను పనికిమాలిన నేలగా లెక్కగట్టడం మనకు అలవాటు. ఈ పక్షికి మాత్రం అదే ఇల్లు. ఆ ప్రాంత రైతులు, గొర్రెల కాపరులు కంపనేలను కొంతైనా ఉన్నదున్నట్లు ఉంచితే, అక్కడ ఉచ్చులు వేయకుండా చూస్తే, పక్షి జాడ తెలిసినప్పుడు అటవీశాఖ వారికి చెబితే మేలు చేసిన వారవుతారు. జెర్డాన్‌కు పక్షిని చూపినది ఈ సీమ కొండలే. దాన్ని నిలుపుకోవలసిన బాధ్యత కూడా ఈ సీమ వారిదే.